కాలిన్ కౌంటీలో ధరలు జారుతున్న వేళ ఇల్లు కొనడం: వడ్డీ రేటు కన్నా ముందు తేల్చుకోవాల్సినవి

అడిగిన ప్రశ్న క్లుప్తంగా ఇదీ. టెక్సస్‌లో డాలస్‌కి ఉత్తరాన, కాలిన్ కౌంటీలో అద్దెకి ఉంటున్న భార్యాభర్తలు, ఇద్దరివీ హెచ్-1బి ఉద్యోగాలే. పాపని వచ్చే ఏడాది బడిలో వేయాలి. సెలైనాలో ఒక బిల్డర్ 5,50,000 డాలర్ల కొత్త ఇంటి మీద 25,000 డాలర్ల ఇన్సెంటివ్ ఇస్తాననీ, తన లెండర్ దగ్గరే లోన్ తీసుకుంటే ఆ డబ్బుతో వడ్డీ 6.5 నుంచి 5.25 శాతానికి దించుతాననీ అంటున్నాడు. నెల తిరిగేలోగా సంతకం పెట్టాలట. కొనాలా, ఆగాలా?

కొనొచ్చు. కాకపోతే సంతకానికి ముందు మూడు సంగతులు తేల్చుకోండి. ఆ కమ్యూనిటీలో బిల్డర్ చేతిలో ఇంకా ఎన్ని లాట్లు మిగిలున్నాయి, రెండో ఏడాది నుంచి నెలకి అసలు ఎంత కట్టాల్సి వస్తుంది, ఇద్దరిలో ఒకరి జీతం ఆగితే ఎన్ని నెలలు నెట్టుకు రాగలరు. ధరలు ఇంకెంత తగ్గుతాయో ఎవరూ చెప్పలేరు. ఈ మూడింటి లెక్క మాత్రం ఇంట్లో కూర్చుని మీరే తేల్చుకోగలరు.

ముందు ఇక్కడి మందగమనం ఎలాంటిదో చూడండి. 30 ఏళ్ల లోన్ సగటు వడ్డీ 2021 జనవరిలో 2.65 శాతం, 2023 అక్టోబరులో 7.79 శాతం. డాలస్ ప్రాంతంలో ధరలు 2022 వేసవిలో శిఖరానికి చేరి ఆ తర్వాత జారడం మొదలుపెట్టాయి. మూడు శాతం లోపు లోన్ ఉన్న పాత ఓనరు అవసరం పడితే తప్ప ఇల్లు అమ్మడు. బిల్డర్‌కి ఆ వెసులుబాటు లేదు. భూమి కొన్నాడు, రోడ్లు వేశాడు, ఇళ్లు లేపాడు, రోజూ వడ్డీ పడుతుంటుంది, కాబట్టి అమ్మి తీరాలి. అందుకే ప్లేనో, ఆలెన్ లాంటి నిండిపోయిన ఊళ్లలో ధరలు మెల్లగా కదులుతుంటే, 380 రోడ్డుకి ఉత్తరాన సెలైనా, ఆనా, మెలిస్సా వైపు, తూర్పున ప్రిన్స్‌టన్ వైపు తగ్గింపులు పెద్దవిగా కనిపిస్తాయి. ఇవి దేశంలోనే అతి వేగంగా పెరిగిన ఊళ్లు. 2023 సెన్సస్ అంచనాల్లో సెలైనా మొదటి స్థానంలో ఉంది, 2024 అంచనాల్లో ఆ స్థానం ప్రిన్స్‌టన్‌ది. నీళ్లు, మురుగు, రోడ్లు తట్టుకోలేక 2024 సెప్టెంబరులో ప్రిన్స్‌టన్ కొత్త నివాస నిర్మాణాలకి తాత్కాలికంగా బ్రేకు వేసింది కూడా.

ఇప్పుడు లాట్ల సంగతి. నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యం ఇదే, దీని గురించి అడిగేవాళ్లు మాత్రం తక్కువ. మూడేళ్ల తర్వాత ఉద్యోగం మారి మీరు ఇల్లు అమ్మాల్సి వచ్చిందనుకోండి. అదే వీధి చివర అదే బిల్డర్ అదే ప్లాన్ కొత్త ఇంటిని, కొత్త వారంటీతో, దించిన వడ్డీతో అమ్ముతుంటే మీ ఇంటికి ఎవరొస్తారు? బిల్డర్ చివరి లాటు అమ్మి వెళ్లిపోయేదాకా మీ ఇంటికి ధర పెట్టేది అతనే. కాబట్టి 900 ఇళ్ల ప్రణాళికలో రెండో ఫేజ్ నడుస్తున్న చోట కొనడం వేరు, ఆఖరి ఫేజ్‌లో పది పన్నెండు ఇళ్లు మిగిలిన చోట కొనడం వేరు.

ఇది తెలుసుకోవడానికి సేల్స్ ఆఫీసుని అడగనక్కర్లేదు. కాలిన్ సెంట్రల్ అప్రైజల్ డిస్ట్రిక్ట్ వెబ్‌సైట్‌లో ప్రాపర్టీ సెర్చ్ ఉంటుంది, వీధి పేరు కొట్టండి. ప్రతి లాటుకీ ఓనర్ పేరు, మెయిలింగ్ అడ్రస్, ఎగ్జెంప్షన్లు కనిపిస్తాయి. ఓనర్ దగ్గర బిల్డర్ పేరో డెవలపర్ పేరో ఉంటే అది ఇంకా అమ్ముడుపోని లాటు. వ్యక్తి పేరుండి, మెయిలింగ్ అడ్రస్ మాత్రం ఇర్వింగ్‌దో కాలిఫోర్నియాదో అయితే, హోమ్‌స్టెడ్ (ఓనరే నివసించే ఇంటికిచ్చే ట్యాక్స్ మినహాయింపు) కూడా లేకపోతే, అది దాదాపుగా అద్దెకిచ్చిన ఇల్లు. రికార్డులు కొన్ని నెలలు వెనకబడి ఉండొచ్చు, అంతమాత్రాన లెక్క పెద్దగా తప్పదు. ఇరవై ఇళ్ల వీధిలో ఎనిమిది అద్దెవైతే, గడ్డురోజుల్లో ఇన్వెస్టర్లు ఒకేసారి అమ్మకానికి పెట్టే ప్రమాదం ఉందని అర్థం. రాబోయే ఫేజ్‌ల ప్లాట్ మ్యాపులు సిటీ ప్లానింగ్ విభాగం దగ్గర దొరుకుతాయి. మీ వెనక ఖాళీగా కనిపించే పొలం "గ్రీన్‌బెల్టా" లేక నాలుగో ఫేజా అన్నది అక్కడే తేలిపోతుంది.

ఇక ధర. టెక్సస్‌లో అమ్మకం ధర పబ్లిక్ రికార్డుల్లోకి ఎక్కదు. జిల్లో లాంటి వెబ్‌సైట్‌లో కనిపించే అంకె అంచనా మాత్రమే. అసలు క్లోజింగ్ ధరలు, అంటే అమ్మకం పూర్తయిన ధరలు, ఏజెంట్లు మాత్రమే చూడగలిగే ఎంఎల్ఎస్ జాబితాలో ఉంటాయి. ఆ కమ్యూనిటీలో గత ఆరు నెలల్లో క్లోజ్ అయిన ప్రతి ఇల్లూ, చదరపు అడుగు ధరతో, అమ్మకందారు ఇచ్చిన కాంట్రిబ్యూషన్‌తో సహా జాబితా తీసి ఇమ్మని మీ ఏజెంట్‌ని అడగండి. కాంట్రిబ్యూషన్ కాలమ్ చూడకపోతే మోసపోతారు. 5,50,000కి క్లోజ్ అయిన ఇంట్లో 25,000 వెనక్కి ఇచ్చి ఉంటే దాని అసలు ధర 5,25,000. బిల్డర్లు చాలా ఇళ్లని ఎంఎల్ఎస్‌లో పెట్టరు కూడా. అలాంటప్పుడు కౌంటీ క్లర్క్ రికార్డుల్లో డీడ్ ఆఫ్ ట్రస్ట్ (ఇంటిని లోన్‌కి తనఖా పెట్టిన పత్రం) చూడండి. ధర ఉండదు గానీ లోన్ మొత్తం ఉంటుంది, పక్కింటివాళ్ల ధర సుమారు ఎంతో ఊహించొచ్చు.

ఏజెంట్ గురించి ఒక మాట. 2024 ఆగస్టు 17 నుంచి ఇల్లు చూపించే ముందే కొనుగోలుదారుతో రాతపూర్వక ఒప్పందం ఉండాలన్న నియమం వచ్చింది. ఆ ఒప్పందం మొదట ఒకే ఇంటికో, ఒక నెలకో రాసుకోండి. మోడల్ హోమ్‌కి మొదటిసారి ఏజెంట్‌తోనే వెళ్లండి. మీరొక్కరే వెళ్లి పేరు రిజిస్టర్ చేసుకుంటే బిల్డర్ తర్వాత ఏజెంట్‌కి కమిషన్ ఇవ్వకపోవచ్చు. టెక్సస్‌లో కమిషన్‌లో కొంత మీకు రిబేటుగా ఇవ్వడం చట్టబద్ధమే, మనవాళ్లలో చాలామంది ఏజెంట్లు ఇస్తారు. అయితే క్యాష్‌బ్యాక్ ఇచ్చి, పైన చెప్పిన జాబితా ఒక్కటీ తీసుకురాని ఏజెంట్ వల్ల వచ్చేదానికన్నా పోయేదే ఎక్కువ.

బిల్డర్ ఆఫర్‌ని డాలర్లలోకి మార్చి చూద్దాం. 20 శాతం డౌన్ పేమెంట్ పెడితే లోన్ 4,40,000. 6.5 శాతానికి అసలు, వడ్డీ కలిపి నెలకి 2,781 డాలర్లు. 5.25కి దించితే 2,430, అంటే నెలకి 351 మిగులు. అదే 25,000 నేరుగా ధరలో తగ్గిస్తే ధర 5,25,000, లోన్ 4,20,000, 6.5 శాతానికి నెలకి 2,655. మిగిలేది 126 మాత్రమే. డౌన్ పేమెంట్‌లో ఒక 5,000 తగ్గుతుంది, ప్రాపర్టీ ట్యాక్స్ కొద్దిగా తగ్గొచ్చు. ఏడేళ్లు, పదేళ్లు అక్కడే ఉంటామనే నమ్మకం ఉంటే వడ్డీ దించుకోవడమే లాభం. రెండు మూడేళ్లలో వీసా వల్లో ఉద్యోగం వల్లో కదలాల్సి రావచ్చనుకుంటే ధర తగ్గించమనే పట్టుబట్టండి. వడ్డీ తగ్గింపు మీతోపాటే పోతుంది, కొనేవాడికి అందదు. వడ్డీలు పడిపోయి రీఫైనాన్స్ చేసినా అంతే. తక్కువ ధరకి కొన్నది మాత్రం ఎప్పటికీ తక్కువే.

"2-1 బైడౌన్" అంటే మాత్రం జాగ్రత్త. మొదటి ఏడాది వడ్డీ రెండు శాతం తక్కువ, రెండో ఏడాది ఒక శాతం తక్కువ, మూడో ఏడాది నుంచి పూర్తి 6.5. పైన చెప్పిన లోన్‌కే వరసగా నెలకి 2,229, 2,498, ఆపైన 2,781. దీనికి బిల్డర్ పెట్టే ఖర్చు మొత్తం సుమారు 10,000 డాలర్లు. దాన్ని 25,000 విలువైన ఆఫర్‌గా చెబుతుంటే మిగతా 15,000 ఎక్కడుందో కాగితం మీద చూపించమనండి.

ఇంకో చిక్కు లోన్ నిబంధనల్లో ఉంది. కన్వెన్షనల్ లోన్‌లో (ప్రభుత్వ హామీ లేని మామూలు లోన్) అమ్మకందారు ఇచ్చే సాయానికి పరిమితి ఉంది. డౌన్ పేమెంట్ 10 శాతం లోపైతే ధరలో 3 శాతం, 10 నుంచి 25 లోపైతే 6 శాతం, 25 ఆపైన 9 శాతం. మీరు 5 శాతమే పెడితే 5,50,000 మీద 16,500 దాకానే వాడుకోగలరు. మిగతాది ధరలో తగ్గించాలి, లేదంటే పోయినట్టే. పైగా ఆ సాయం క్లోజింగ్ ఖర్చులకీ, ముందస్తు ట్యాక్స్, ఇన్సూరెన్స్‌లకీ, పాయింట్లకే (వడ్డీ తగ్గించుకోవడానికి ముందే కట్టే రుసుము). డౌన్ పేమెంట్‌కి పనికిరాదు. బిల్డర్ లెండర్ ఇచ్చే లోన్ ఎస్టిమేట్‌నీ, బయటి ఇద్దరు లెండర్ల ఎస్టిమేట్లనీ ఒకే రోజు తెప్పించుకుని రెండో పేజీలో "ఎ" భాగం పక్కపక్కన పెట్టి చూడండి. పాయింట్ల ఖర్చు ఎవరు ఎక్కడ దాచారో అక్కడ బయటపడుతుంది.

సిద్ధంగా ఉన్న ఇల్లా, పునాది దగ్గర్నుంచి కట్టించుకునే ఇల్లా? ధరలు జారుతున్నప్పుడు నేను మొదటిదాని వైపే ఉంటాను. ఈరోజు ధరకి సంతకం పెట్టి ఎనిమిది పది నెలలు ఎదురుచూస్తే, ఈలోగా పక్క లాటు తక్కువకి పోవచ్చు, అయినా మీ ధర మారదు. వడ్డీ లాక్ అన్ని నెలలు పట్టి ఉంచడమూ ఖరీదే. పూర్తయి ఖాళీగా ఉన్న ఇల్లు బిల్డర్‌కి రోజురోజుకీ భారం. త్రైమాసికం చివర, ముఖ్యంగా ఆర్థిక సంవత్సరం చివర, ఆ భారం దించుకోవాలనే తొందర పెరుగుతుంది. పెద్ద బిల్డర్లలో డి.ఆర్. హార్టన్‌కి ఆర్థిక సంవత్సరం సెప్టెంబరు 30తో ముగుస్తుంది, టోల్ బ్రదర్స్‌కి అక్టోబరు 31తో, లెన్నార్‌కీ కెబి హోమ్‌కీ నవంబరు 30తో, పుల్టెకి డిసెంబరు 31తో. ఆ తేదీలోగా క్లోజ్ చేయగలమని, దానికి నెల, నెలన్నర ముందే ఆఫర్ పెట్టి చూడండి. "ఈ నెలాఖరుకే" అన్న గడువు సేల్స్ టార్గెట్‌ది. వచ్చే నెల ఇంకో పేరుతో ఇంకో ఆఫర్ ఉంటుంది.

అమ్ముడుపోకుండా మిగిలిన ఇళ్లలో ఎక్కువ భాగం పడమర, దక్షిణం ఫేసింగ్‌వే ఉంటాయి. ఈ ఊళ్లలో తూర్పు, ఉత్తరం ఫేసింగ్ లాట్లని మనవాళ్లు ముందే ఎగరేసుకుపోతారు, కొన్నిచోట్ల వాటికి ప్రత్యేకంగా లాట్ ప్రీమియం కూడా ఉంటుంది. మీకు వాస్తు పట్టింపు లేకపోతే పడమర ఫేసింగ్ ఇంట్లో మంచి తగ్గింపు దొరుకుతుంది, పైగా టెక్సస్ ఎండలో సాయంత్రం పెరట్లో ఇంటి నీడ పడుతుంది. అయితే రేపు మీ దగ్గర కొనేవాళ్లలోనూ మనవాళ్లే ఎక్కువ ఉంటారు, వాళ్లూ ఇదే తగ్గింపు అడుగుతారు. కాబట్టి ఇప్పుడు ఆ తేడా పూర్తిగా రాబట్టుకోకుండా తీసుకోవద్దు.

ట్యాక్స్‌ల దగ్గరే ఎక్కువమంది దెబ్బ తింటున్నారు, కొంచెం ఓపిగ్గా చదవండి. టెక్సస్‌లో రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు గానీ ప్రాపర్టీ ట్యాక్స్ భారీ. కౌంటీ, సిటీ, స్కూల్ డిస్ట్రిక్ట్, కాలేజీ అన్నీ కలిపి రెండు శాతం అటూఇటూ ఉంటుంది. విలువ కట్టేది జనవరి 1 నాటి పరిస్థితిని బట్టి. మీ ఇల్లు జనవరి 1కి ఖాళీ లాటుగా ఉంటే ఆ ఏడాది బిల్లు లాటు మీదే వస్తుంది. లాటు విలువ 1,10,000, రేటు 2.1 శాతం అనుకుంటే ఏడాదికి 2,310, నెలకి 192. కొందరు లెండర్లు ఎస్క్రోకి (ట్యాక్స్, ఇన్సూరెన్స్‌ల కోసం వాయిదాతోపాటే వసూలు చేసి ఉంచే ఖాతా) ఇదే లెక్క పట్టుకుని "నెలకి ఇంతే" అని చూపిస్తారు. మరుసటి ఏడాది ఇంటి పూర్తి విలువ 5,50,000 మీద 11,550 వస్తుంది. హోమ్‌స్టెడ్ వల్ల స్కూల్ ట్యాక్స్‌లో దాదాపు 1,680 తగ్గినా 9,870, అంటే నెలకి 822. అక్కడితో ఆగదు. గడిచిన ఏడాది తక్కువ వసూలు చేసిన 7,560 ఎస్క్రో లోటుగా తేలి, పన్నెండు నెలల్లో కట్టమంటారు. నెలకి 630 పెరిగిన ట్యాక్స్, ఇంకో 630 లోటు, కలిపి 1,260 ఒక్కసారిగా మీద పడుతుంది. దీన్ని తప్పించుకోవడం తేలికే. మొదటి రోజునుంచే పూర్తి విలువ మీద ఎస్క్రో వసూలు చేయమని లెండర్‌కి రాతపూర్వకంగా చెప్పండి. ఒప్పుకోకపోతే నెలనెలా ఆ తేడా వేరే ఖాతాలో వేసుకోండి.

దీనికి తోడు "మడ్", "పిడ్" అని రెండు ఉంటాయి. కొత్త కమ్యూనిటీకి నీళ్లు, మురుగు, రోడ్లు వేయడానికి బాండ్లతో తెచ్చిన అప్పుని ఇళ్ల ఓనర్లు తీర్చే పద్ధతులివి. మడ్ అంటే మున్సిపల్ యుటిలిటీ డిస్ట్రిక్ట్, ఇంటి విలువ మీద రేటు. పిడ్ అంటే పబ్లిక్ ఇంప్రూవ్‌మెంట్ డిస్ట్రిక్ట్, లాటుకి ఇంత అని కట్టిన అసెస్‌మెంట్, ఏటా వాయిదా, చాలాచోట్ల 30 ఏళ్ల దాకా. పిడ్ మీద హోమ్‌స్టెడ్ పనిచేయదు, విలువ తగ్గించమని ప్రొటెస్ట్ చేసినా తగ్గదు. కాంట్రాక్టుకి ముందే దీని నోటీసు ఇవ్వాలని చట్టం ఉంది. ఆ కాగితంలో ఈ లాటుకి మిగిలిన అసలు ఎంత, ఏటా వాయిదా ఎంత, ఏ సంవత్సరంతో ముగుస్తుంది అన్నవి చూడండి. ఏటా 2,400 పిడ్ అంటే నెలకి 200. పిడ్ ఉన్న ఇంటినీ లేని ఇంటినీ ఒకే ధరకి పోల్చకండి. మిగిలిన అసలు ముందే తీర్చేసే వీలుంటే, ఇన్సెంటివ్ డబ్బుని దానికి వాడమని బిల్డర్‌ని అడగొచ్చు. మిగతావాటికన్నా మీకు ఎక్కువ కాలం ఉపయోగపడే ఇన్సెంటివ్ అదే.

అప్పుడు రెండో ఏడాది అసలు లెక్క ఇలా ఉంటుంది. 5.25 శాతానికి లోన్ 2,430, ట్యాక్స్ 822, పిడ్ 200, ఇన్సూరెన్స్ 300, హెచ్ఓఏ (ఇళ్ల ఓనర్ల సంఘం రుసుము) 100 అనుకుంటే 3,852. మోడల్ హోమ్‌లో పిడ్ లేకుండా లాటు ట్యాక్స్‌తో చూపించేది 3,022. మీ నిర్ణయం 3,852 మీద జరగాలి.

ఇన్సూరెన్స్ కోట్ కాంట్రాక్టుకి ముందే తీసుకోండి. ఇక్కడ వడగళ్ల దెబ్బ మామూలు. గాలి, వడగళ్ల డిడక్టబుల్ ఇంటి కవరేజీలో 1 శాతమో 2 శాతమో ఉంటుంది. 4,50,000 కవరేజీలో 2 శాతం అంటే పైకప్పు మార్చిన ప్రతిసారీ 9,000 మీ చేతినుంచి. పైకప్పుకి కొత్తదాని ఖర్చు ఇస్తారా, వయసు తరుగు తీసేసి ఇస్తారా అన్నదీ అడగండి. "డిడక్టబుల్ మేం చూసుకుంటాం" అనే రూఫర్ మాట టెక్సస్‌లో చట్టవిరుద్ధం.

వీసా విషయం. 2025 మే 25 నుంచి ఎఫ్‌హెచ్ఏ లోన్లు (తక్కువ డౌన్ పేమెంట్‌కి దొరికే, ప్రభుత్వ హామీ ఉన్న లోన్లు) హెచ్-1బి లాంటి తాత్కాలిక వీసాలవాళ్లకి లేవు. పాత సలహాలు చదివి 3.5 శాతం డౌన్ పేమెంట్ మీద లెక్కలు వేసుకోకండి. కన్వెన్షనల్ లోన్లు దొరుకుతాయి. ఐ-797 (వీసా ఆమోద పత్రం), జీతం స్లిప్పులు, డబ్ల్యూ-2లు (ఏడాది జీతం, పన్ను కాగితాలు) అడుగుతారు. వీసా గడువు దగ్గర పడుతుంటే పొడిగింపు దాఖలు చేసిన కాగితం సిద్ధంగా ఉంచుకోండి.

ఉద్యోగం పోతే హెచ్-1బికి గ్రేస్ పీరియడ్ గరిష్ఠంగా 60 రోజులు. ఇల్లు అమ్మి క్లోజ్ చేయడానికి అది చాలదు. అందుకే 20 శాతం డౌన్ పేమెంట్ కోసం ఖాతా ఖాళీ చేయొద్దంటాను. 10 శాతం పెట్టి, కొన్నాళ్లు పిఎంఐ (డౌన్ పేమెంట్ 20 శాతం కన్నా తక్కువైతే లెండర్ కోసం కట్టే ఇన్సూరెన్స్) కట్టినా సరే, రెండో ఏడాది లెక్కన కనీసం ఎనిమిది నెలల వాయిదాలు, అంటే పైన చెప్పిన 3,852 కన్నా లోన్ పెరిగినంత మేర ఎక్కువే, చేతిలో ఉంచుకోండి. బాకీ అసలు ధరలో 80 శాతానికి దిగాక పిఎంఐ తీసేయమని అడగొచ్చు, 78కి దానంతటదే పోవాలి. తర్వాత డబ్బు కలిసొస్తే పెద్ద మొత్తం కట్టి లోన్ రీకాస్ట్ చేయించుకోవచ్చు, అంటే మిగిలిన బాకీకి తగ్గట్టు నెల వాయిదా తగ్గించుకోవచ్చు, అలాంటి వీలున్న లోనేనా అని ముందే అడగండి. 401-కె (ఉద్యోగం ద్వారా వచ్చే రిటైర్మెంట్ ఖాతా) నుంచి లోన్ తీసుకుంటే, ఆ ఉద్యోగం పోయినప్పుడు అది కూడా మెడకి చుట్టుకుంటుంది. ఆ ఏడాది ట్యాక్స్ ఫైలింగ్ గడువులోగా తీర్చకపోతే ఆదాయంగా లెక్కేసి పన్ను, వయసుని బట్టి పెనాల్టీ వేస్తారు. హెచ్ఓఏ నిబంధనల్లో అద్దెకివ్వడానికి ఏ ఆంక్షలున్నాయో చూడండి. కొన్నిచోట్ల మొదటి ఏడాది అద్దెకివ్వకూడదు, కొన్నిచోట్ల అద్దె ఇళ్ల సంఖ్యకే పరిమితి ఉంటుంది. ఇండియా వెళ్లిపోవాల్సి వస్తే ఆ నిబంధనే మీ చేతులు కట్టేస్తుంది.

ఊళ్లో పొలమో ప్లాటో అమ్మి అమ్మానాన్నలు డబ్బు పంపుతుంటే కనీసం రెండు మూడు నెలల ముందు మొదలుపెట్టండి. లెండర్ రెండు నెలల స్టేట్‌మెంట్లు అడుగుతాడు. పెద్ద మొత్తం ఎక్కడినుంచి వచ్చిందో సేల్ డీడ్, అక్కడి బ్యాంకు స్టేట్‌మెంట్, వైర్ కాగితం, గిఫ్ట్ లెటర్ వరసగా పొసగాలి. ఇండియాలో ఉండేవాళ్లు ఒక్కొక్కరు ఆర్థిక సంవత్సరానికి 2,50,000 డాలర్ల దాకా పంపొచ్చు. ఏడాదిలో విదేశీయుల నుంచి వచ్చిన గిఫ్టులు 1,00,000 డాలర్లు దాటితే ఐఆర్ఎస్‌కి ఫారం 3520 ఇవ్వాలి. పన్ను ఉండదు గానీ ఫారం మర్చిపోతే పెనాల్టీ మాత్రం గట్టిది.

కొత్త ఇల్లే కావాలని లేకపోతే ఫ్రిస్కో, మెకిన్నీ, ఆలెన్‌లలో పదేళ్ల పాత ఇల్లూ చూడండి. పిడ్ లేని చోట్లు ఎక్కువ, చుట్టూ బిల్డర్ పోటీ ఉండదు. అక్కడ టెక్సస్ రియల్ ఎస్టేట్ కమిషన్ వారి ప్రామాణిక కాంట్రాక్టు వాడతారు. ఆప్షన్ ఫీజు (కొన్ని రోజులపాటు తప్పుకునే హక్కుకి కట్టేది), ఎర్నెస్ట్ మనీ (కొనుగోలు డిపాజిట్) రెండూ కాంట్రాక్టు అమల్లోకి వచ్చిన మూడు రోజుల్లో టైటిల్ కంపెనీకి చేరాలి. ఆప్షన్ ఫీజు ఆలస్యమైతే ఏ కారణమూ చెప్పకుండా తప్పుకునే హక్కు పోతుంది. ఆ తప్పుకునే హక్కు దాని చివరి రోజు సాయంత్రం 5 గంటలకి ముగుస్తుంది, అది ఆదివారమైనా పొడిగింపు ఉండదు. ఈ మార్కెట్‌లో పది రోజులు అడగండి, ఇస్తారు. ఇన్‌స్పెక్షన్ మొదటి మూడు రోజుల్లో అయిపోతేనే, అవసరమైతే స్ట్రక్చరల్ ఇంజనీర్‌నీ ప్లంబింగ్ టెస్టునీ మిగిలిన రోజుల్లో పెట్టగలరు. అప్రైజల్ (లెండర్ తరఫున కట్టే ఇంటి విలువ) తక్కువొస్తే తప్పుకునే హక్కు వదులుకునే అడెండమ్ మీద 2021లో చాలామంది సంతకాలు పెట్టారు. ఇప్పుడు పెట్టకండి. ధరలు జారుతుంటే అప్రైజల్ తక్కువ రావడం సహజం, బేరానికి మీ చేతిలో ఉన్న బలమైన ఆధారం అదే.

పాత ఇంట్లో ముందు చూడాల్సింది నేల. ఇక్కడిది నల్లరేగడి లాంటి బంకమట్టి, వానకి ఉబ్బి ఎండకి బీటలు వారుతుంది, పైనున్న పునాది స్లాబుని అటూఇటూ లాగుతుంది. ఇటుకల్లో మెట్లు మెట్లుగా పగుళ్లు, తలుపు మూలలనుంచి ఏటవాలుగా సాగిన పగుళ్లు, గడియ పడని తలుపులు కనిపిస్తే ఇంజనీర్‌తో స్లాబు ఎత్తు కొలతలు తీయించండి. ఇంతకుముందు పునాదిని నిలబెట్టడానికి పియర్లు (కింద దించిన స్తంభాలు) వేసి ఉంటే వారంటీ కొత్త ఓనరుకి బదిలీ అవుతుందో లేదో చూసి, స్లాబు కింద మురుగు గొట్టాలకి హైడ్రోస్టాటిక్ (నీళ్లు నింపి లీకులు చూసే) టెస్టు చేయించండి. పునాది లేపినప్పుడు గొట్టాలు విరుగుతుంటాయి. గోడ పక్కన నేల మొదటి పది అడుగుల్లో ఆరు అంగుళాలు వాలు ఉండాలి. మట్టి ఇటుకల దాకా పేరుకుని, ఇటుకల మధ్య వదిలిన గాలి సందులు మూసుకుపోయి ఉంటే నీళ్లు లోపలికి పోతున్నట్టే. గత ఇన్సూరెన్స్ క్లెయిముల కోసం అమ్మకందారుని క్లూ రిపోర్టు (ఆ ఇంటి క్లెయిముల చరిత్ర) అడగండి.

కొత్త ఇల్లు కదా అని ఇన్‌స్పెక్షన్ వదలకండి. సిటీ ఇన్‌స్పెక్టర్ చూసేది కోడ్ కనీసాన్ని, అదీ నిమిషాల్లో. కట్టుబడిలో ఉంటే కాంక్రీటు పోసేముందు ఒకసారి, డ్రైవాల్ (లోపలి గోడ పలకలు) మూసేముందు ఒకసారి, క్లోజింగ్‌కి ముందు ఒకసారి సొంత ఇన్‌స్పెక్టర్‌ని పెట్టుకోండి. డ్రైవాల్ ముందు చూసేదే ముఖ్యం. నలిగిన ఏసీ డక్టులు, కిటికీల చుట్టూ తప్పు క్రమంలో అంటించిన ఫ్లాషింగ్ టేపు, ప్లంబింగ్ కోసం సగానికి పైగా కోసేసిన స్టడ్డులు (గోడ లోపలి నిలువు చెక్కలు) ఒకసారి మూసేస్తే మళ్లీ కనిపించవు. ఈ స్లాబుల్లో చాలావాటికి లోపల బిగించిన ఉక్కు కేబుళ్లుంటాయి. అంచున వాటి చివరలు గ్రౌట్‌తో మూసి ఉండాలి, తుప్పు నీళ్లు కారుతుంటే రాయించండి.

బిల్డర్ కాంట్రాక్టు ప్రామాణికమైనది కాదు, అతని లాయర్లు రాసింది. ఆప్షన్ పీరియడ్ ఉండకపోవచ్చు, అప్రైజల్ తక్కువొస్తే తప్పుకునే వీలు ఉండకపోవచ్చు, డిజైన్ సెంటర్‌లో కట్టింది వెనక్కి రాకపోవచ్చు. మీరు రాయించుకోవాల్సినవి: లోన్ నిరాకరణకి గురైతే డిపాజిట్ వాపసు, అప్రైజల్ తక్కువైతే ధర తగ్గింపు లేదా వాపసు, క్లోజింగ్‌లోగా అదే ప్లాన్ అదే ఫేజ్‌లో తక్కువకి అమ్మితే ఆ ధరే మీకూ. మూడోది చాలామంది బిల్డర్లు ఒప్పుకోరు, పూర్తయి రెండు మూడు నెలలుగా ఖాళీగా ఉన్న ఇంటికి మాత్రం అడిగి చూడొచ్చు. స్ట్రక్చరల్ వారంటీ పదేళ్లా ఆరేళ్లా అన్నదీ చదవండి. 2023లో వచ్చిన చట్టంతో, ఒక ఏడాది పనితనానికి, రెండేళ్లు ప్లంబింగ్, కరెంటు, ఏసీలకి, ఆరేళ్లు స్ట్రక్చర్‌కి రాతపూర్వక వారంటీ ఇచ్చిన బిల్డర్ మీద దావా వేసే గడువు పదేళ్ల నుంచి ఆరేళ్లకి తగ్గింది.

స్కూల్ కోసం కొంటున్నట్లయితే డిస్ట్రిక్ట్ పేరుతో ఆగకండి. సెలైనా సిటీలో ఉన్న ఇల్లు ప్రాస్పర్ స్కూల్ డిస్ట్రిక్ట్‌లో ఉండొచ్చు, కొత్త బడులు తెరిచిన ప్రతిసారీ హద్దులు మారుతుంటాయి. డిస్ట్రిక్ట్ వెబ్‌సైట్‌లో ఇంటి అడ్రస్ కొట్టి చూడండి, పక్కనే రాబోయే బడి ఎప్పుడో అడగండి.

క్లోజింగ్ అయ్యాక మీ టెక్సస్ డ్రైవింగ్ లైసెన్స్ మీద అడ్రస్ మార్పించి హోమ్‌స్టెడ్ దరఖాస్తు పెట్టండి, జనవరి దాకా ఆగనక్కర్లేదు. 2025 ట్యాక్స్ సంవత్సరం నుంచి స్కూల్ ట్యాక్స్‌లో 1,40,000 డాలర్ల విలువకి మినహాయింపు ఉంది. ఏటా విలువ పది శాతానికి మించి పెరగకుండా ఉండే పరిమితి హోమ్‌స్టెడ్ వచ్చిన మరుసటి ఏడాది నుంచే మొదలవుతుంది, కాబట్టి మొదటి పూర్తి విలువ దగ్గరే గట్టిగా పోరాడాలి. అప్రైజల్ డిస్ట్రిక్ట్ నుంచి విలువ నోటీసు వసంతంలో వస్తుంది. ప్రొటెస్ట్ గడువు మే 15, లేదా నోటీసు పంపిన 30 రోజులు, ఏది తర్వాతైతే అది. మీ క్లోజింగ్ స్టేట్‌మెంట్‌లో ధర వాళ్ల విలువకన్నా తక్కువైతే అదే మీ ఆధారం, బిల్డర్ ఇచ్చిన ఇన్సెంటివ్ కూడా తీసేసి లెక్క చూపించండి. ఎక్కువైతే ఆ కాగితం ఇవ్వాల్సిన పని లేదు, పక్కిళ్ల విలువలతో పోల్చి సమానత్వం అడగండి. వేసవిలో పునాదికి అడుగు, అడుగున్నర దూరంలో సోకర్ హోస్ (సన్న రంధ్రాలనుంచి నీళ్లు ఊరే గొట్టం) పరిచి, సిటీ నీటి ఆంక్షలకి లోబడి మట్టి ఎండిపోకుండా తడుపుతూ ఉండండి. పదకొండో నెలలో మళ్లీ ఇన్‌స్పెక్టర్‌ని పిలిచి, ఏడాది వారంటీ ముగిసేలోగా జాబితా మొత్తం బిల్డర్‌కి ఈమెయిల్‌లో పంపండి.